పాటకు పాస్‌పోర్టు అడిగే రోజులు

2025 మే 8న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఓటీటీ వేదికలకూ స్ట్రీమింగ్ సంస్థలకూ ఒక సలహా పత్రం జారీ చేసింది. పాకిస్తాన్ మూలాలున్న వెబ్ సిరీస్‌లు, సినిమాలు, పాటలు, పాడ్‌కాస్టులు, అన్నీ తక్షణం నిలిపివేయాలనీ, జాతీయ భద్రత దృష్ట్యా ఇది అవసరమనీ దాని సారాంశం. పేరుకు సలహా. 2021 నాటి ఐటీ నిబంధనలను గుర్తు చేస్తూ వచ్చిన సలహాను కాదనగల కంపెనీ ఏది? చూస్తూండగానే పాకిస్తానీ పాటలు అనేకం వేదికల మీది నుంచి మాయమయ్యాయి. ‘రయీస్’, ‘సనమ్ తేరీ కసమ్’ వంటి హిందీ సినిమాల ఆల్బమ్ చిత్రాల్లోంచి ఆ కథానాయికల ముఖాలను సైతం చెరిపేశారు. హీరో మిగిలాడు, పాట మిగిలింది, అతని పక్కన నిలబడ్డ మనిషి మాత్రం లేదు.

ఆ పత్రంలో కీలకమైన మాట ‘మూలాలు’. ఒక్క ఆల్బమ్ మీద ఆ మాటను పరీక్షించి చూస్తే దాని డొల్లతనం బయటపడుతుంది.

ఆ ఆల్బమ్ పేరు ‘నైట్ రెయిన్’, అంటే రాత్రి ఏలుబడి. 2024 మే 31న అమెరికాలోని వెర్వ్ రికార్డ్స్ సంస్థ దాన్ని విడుదల చేసింది. పాడినది ఆరూజ్ ఆఫ్తాబ్. సౌదీ అరేబియాలో పుట్టి, లాహోర్‌లో పెరిగి, బోస్టన్‌లోని బర్క్‌లీలో సంగీతం చదివి, న్యూయార్క్‌లో స్థిరపడిన గాయని ఆమె. 2022లో ‘మొహబ్బత్’ పాటకు గ్రామీ అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి పాకిస్తానీ ఆమే. ఈ ఆల్బమ్‌లో తొమ్మిది పాటలున్నాయి. ‘ఆటమ్ లీవ్స్’ అనే పాత జాజ్ గీతం బాణీ హంగేరీలో పుట్టి ఫ్రాన్సు చేరిన జోసెఫ్ కోస్మాది. ‘బోలో నా’లో అమెరికన్ నల్లజాతి కవయిత్రి మూర్ మదర్ గొంతు వినిపిస్తుంది. ‘సాకీ’లో తోడుగా వాయించినది అమెరికాలో స్థిరపడిన తమిళ దంపతులకు పుట్టిన విజయ్ అయ్యర్.

ఆ ‘సాకీ’కి, మరో పాట ‘నా గుల్’కు మాటలు ఎక్కడివి? హైదరాబాద్‌వి. రెండో నిజాం కొలువులో వెలిగిన మహ్ లఖా బాయి చందా (1768–1824) రాసిన గజళ్లవి. ఉర్దూలో సొంతంగా ఒక దీవాన్ కూర్చిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు. గాయని, నర్తకి, జాగీర్దారు. ఆమె సమాధి మౌలాలి గుట్ట పాదాల దగ్గర ఉంది. శిథిలమైపోతున్న ఆ ప్రాంగణాన్ని 2011 నాటికి బాగు చేయించడానికి అమెరికా ప్రభుత్వ నిధి కావలసివచ్చింది. ఆమె ఉర్దూ కవి, ముస్లిం, తవాయఫ్, పైగా స్త్రీ. తెలుగువారి సాహిత్య చరిత్రలో చోటు దొరకకుండా పోవడానికి ఈ నాలుగింటిలో ఏ ఒక్కటైనా సరిపోయేది. రెండు వందల ఏళ్ల తర్వాత ఆమె మాటకు ప్రపంచ వేదిక మీద గొంతు ఇచ్చినది లాహోర్‌లో పెరిగిన ఒక గాయని.

ఇప్పుడు ఈ పాట మూలం ఏమిటో ఢిల్లీలోని ఏ అధికారి తేలుస్తాడు? మాట దక్కన్‌ది, గొంతు లాహోర్‌ది, వాద్యం వెనుక తమిళ వారసత్వం, ముద్ర న్యూయార్క్ కంపెనీది. పుట్టిన ఊరిని బట్టి పాటను ఆపాలంటే, హైదరాబాద్ కవయిత్రిని హైదరాబాద్ వినకుండా ఆపవలసి వస్తుంది. ఆపకూడదనుకుంటే ‘మూలాలు’ అన్న మాటకు అర్థమే లేదు. నిర్వచనం లేని నిషేధం ఎక్కడైనా ఒకే పని చేస్తుంది. ప్రభుత్వం అడగనిది కూడా కంపెనీలు భయంతో ముందే తొలగించి పెడతాయి.

ఈ వాదనకు ఎదురయ్యే ప్రశ్న తేలికైనది కాదు. పహల్‌గామ్‌లో ఏప్రిల్ 22న 26 మందిని చంపారు. ఆ కుటుంబాల దుఃఖం ఆరకముందే పాటల గురించి మాట్లాడటం మొద్దుబారిన మనసుకు గుర్తు కాదా అని అడిగేవారున్నారు. వారి కోపం న్యాయమైనదే. ఉగ్రవాదాన్ని పోషించిన సైనిక వ్యవస్థను నిలదీయవలసిందే. అయితే ఒక గజల్‌ను చెరిపేస్తే రావల్పిండిలోని ఏ జనరల్‌కు నష్టం? ఆ సైనికాధిపత్యపు నీడలోనే బతుకుతున్న గాయకులను శిక్షించడం అతి చవకైన దేశభక్తి. సరిహద్దు అవతలా ఇదే తంతు. మే 1న పాకిస్తాన్ ప్రసార సంస్థల సంఘం ఎఫ్ఎం రేడియోలలో భారతీయ పాటలను ఆపేసింది. లతా మంగేష్కర్, రఫీల గొంతులు అక్కడ నేరమయ్యాయి. రెండు దేశాల పాలకులూ ఏకాభిప్రాయానికి వచ్చిన అరుదైన విషయం ఇదొక్కటే కావచ్చు.

పైగా ఈ నిషేధాలలో నిజాయితీ కూడా తక్కువే. ఉరీ దాడి తర్వాత 2016 సెప్టెంబరులో ముంబయి నిర్మాతల సంఘం పాకిస్తానీ కళాకారులను పనిలోకి తీసుకోరాదని తీర్మానించింది. మరుసటి ఏడాదే ‘బాద్‌షాహో’ సినిమా నుస్రత్ ఫతే అలీఖాన్ పాడిన ‘మేరే రష్కే కమర్’ను కొత్త తొడుగుతో మార్కెట్టులోకి దించింది. అంతకు రెండు దశాబ్దాల ముందే ‘మొహ్రా’లోని ‘తూ చీజ్ బడీ హై మస్త్’ ఆయన ఖవ్వాలీ బాణీని తెచ్చుకుంది. సరుకుగా మారితే పాకిస్తానీ పాట ముద్దు, మనిషిగా వస్తే ముప్పు. సినిమా వ్యాపారపు దేశభక్తికి ఇంతకంటే సూటి నిర్వచనం అక్కరలేదు.

‘నైట్ రెయిన్’ వంటి ఆల్బమ్ అవసరం ఇక్కడే అర్థమవుతుంది. ఉపఖండంలో పాట అంటే సినిమా పాట, సినిమా పాట అంటే హీరో. ముప్పై సెకన్ల రీల్‌కు సరిపడే ఒక స్టెప్పు, ఒక పల్లవి ముక్క ముందే నిర్ణయమై, మిగతా పాటను వాటి చుట్టూ అల్లుతున్నారు. హిందీలోనూ తెలుగులోనూ తమిళంలోనూ అదే మోత. ఆఫ్తాబ్ పాటకు తొందర లేదు. తీగవాద్యాల మధ్య ఖాళీని ఖాళీగానే ఉంచగల ధైర్యం ఉంది. గజల్, జాజ్ ఒకదాన్నొకటి మింగకుండా పక్కపక్కనే నడుస్తాయి. ఆధునిక సాధనాలను ఆమె అంటరానివి చేయలేదు. ‘రాత్ కీ రాణీ’లో ఆటోట్యూన్ వాడారు. కాని అక్కడ అది లోపాన్ని కప్పే ముసుగు కాదు, గొంతుకు మరో రంగు. ఇది విప్లవగీతం కాదు. విడుదల చేసిన వెర్వ్ కూడా యూనివర్సల్ అనే మహా కంపెనీలో భాగమే. అయినా, మార్కెట్టు లోపలే ఉంటూ మార్కెట్టు కొలతలకు కుంచించుకుపోని పాట సాధ్యమేనని అది రుజువు చేసింది. వినేవారిని వినియోగదారులుగా కాక వివేకవంతులుగా చూడటమే అది చూపే ప్రత్యామ్నాయం.

రాజ్యం చెవులకు కాపలా కాయడం ఇది మొదటిసారి కాదు. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు తలుపులు మూశారు. అవి సంస్కారాన్ని చెడగొడతాయని ఆయన నమ్మకం. శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ ఇంటింటి పేరైంది. చివరకు 1957లో ప్రభుత్వమే వివిధ్ భారతిని ప్రారంభించి ఓటమిని ఒప్పుకుంది. నాడు నిషేధానికి గురైన సినిమా పాటే నేడు ఏకఛత్రాధిపత్యం చేస్తోంది. ఆ పరిశ్రమ పెద్దలు కొత్త నిషేధాలకు చప్పట్లు కొట్టడం చరిత్ర మరిచినవారి విలాసం.

న్యాయస్థానాల మాటనైనా ప్రభుత్వం పట్టించుకోవలసింది. పాకిస్తానీ కళాకారులను పూర్తిగా నిషేధించాలన్న పిటిషన్‌ను 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు తోసిపుచ్చింది. నవంబరులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ధర్మాసనం అప్పీలును కొట్టివేస్తూ, ఇంత సంకుచితంగా ఉండవద్దని పిటిషనర్‌కు హితవు చెప్పింది. న్యాయస్థానం పౌరుడిలో తప్పుపట్టిన సంకుచితత్వాన్ని ఏడాదిన్నర తిరిగేసరికి మంత్రిత్వ శాఖే విధానంగా స్వీకరించింది.

‘మూలాలు’ అంటే ఏమిటో ప్రభుత్వం నిర్వచించాలి. ఏ పాట దేశ భద్రతకు ఎలా ముప్పో, ఒక్కొక్క దానికీ కారణం రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పత్రాన్ని వెనక్కి తీసుకోవాలి. కళాకారుల సంఘాలు, పంపిణీ సంస్థలు మౌనం వదలాలి. దారులు మూసినంత మాత్రాన వినాలనుకున్నవారు వినక మానరు. కాని మౌలాలిలో నిద్రిస్తున్న కవయిత్రి గజల్‌ను మౌలాలిలో ఉన్నవారు దొంగచాటుగా వినవలసిన స్థితి వస్తే, ఆ సిగ్గు పాకిస్తాన్‌ది కాదు.