ఫార్మాట్ కొట్టేసే ముందు ఒక్క నిమిషం

"ఒరే, కంప్యూటరు నీలం రంగు చూపిస్తోందిరా. పైన ఏడుపు మొహం కూడా ఉంది."

మొన్నామధ్య శుక్రవారం రాత్రి ఆఫీసు కాల్లో ఉండగా నాన్న ఫోన్. మ్యూట్లో పెట్టి, పెద్ద డాక్టర్లా ఒక్క ముక్కలో తేల్చేశా. "ఏం పర్లేదు నాన్నా, అది మామూలే. టౌన్లో షాపుకి తీసుకెళ్ళి ఫార్మాట్ కొట్టించెయ్యండి. సాయంత్రానికల్లా ఇచ్చేస్తాడు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నా ఫైళ్ళు ఉంటాయిగా?" అన్నారు.

ఏడేళ్ళుగా ఈ ఫీల్డులో ఉన్నా. ప్రొడక్షన్ డేటాబేస్ మీద చెయ్యెయ్యాలంటే ఇద్దరి అప్రూవల్, బ్యాకప్, రోల్‌బ్యాక్ ప్లాన్ కావాలని అందరికీ క్లాసులు పీకేవాణ్ణి. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

నాన్న రిటైరైన టీచరు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉంటారు. నేను 2019లో మొదటి జీతాలు కూడబెట్టి కొన్న లాప్‌టాప్, నాకు ఆఫీసుది వచ్చాక ఆయనకిచ్చేశా. మూడేళ్ళుగా దాంట్లో ఊరి సంగతులు టైపు చేస్తున్నారు. చెరువు ఎవరు తవ్వించారు, బడికి స్థలం ఎవరిచ్చారు, పెద్ద తుపానుకి ఎవరింట్లో ఎంతమంది తలదాచుకున్నారు... ఇలాంటివి. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చెయ్యడం, ఫోన్లో చోటు చాలక లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్లోవి తీసెయ్యడం. ఆ చెప్పినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు.

అంటే నేను ఫోన్లో తేలిగ్గా కొట్టించెయ్యమన్నది దాన్ని!

శనివారం పొద్దున్నే రైలెక్కా. వెళ్ళేముందు టీమ్‌లో ఒకణ్ణి అడిగితే, "ఎస్సెస్‌డీ పోయుంటుంది మామా, కొత్తది వేసి విండోస్ ఎక్కించెయ్, రెండు గంటల పని" అన్నాడు. వాణ్ణి అనడానికేముంది, ముందురోజు రాత్రి నేనూ అదే రకం.

ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశా. ఉబుంటు బాగానే వచ్చింది కానీ లోపలి డిస్క్ అస్సలు కనపడలేదు. ఒళ్ళు చల్లబడింది. నాన్న పక్కనే స్టూలు మీద కూర్చుని నా మొహమే చూస్తున్నారు. "డిస్క్ పోయినట్టుంది నాన్నా" అన్న మాట నోటిదాకా వచ్చింది.

ఎందుకో బయాస్‌లోకి వెళ్ళి చూశా. అక్కడ రెండు విషయాలు తేడాగా కనిపించాయి. ఒకటి, తేదీ 2019 జనవరి 1 అని చూపిస్తోంది. రెండు, పోయిందనుకున్న ఎస్సెస్‌డీ పేరు, సైజుతో సహా అక్కడ నిక్షేపంలా ఉంది. చచ్చిన డిస్క్ పేరు చెప్పదు కదా!

అప్పుడు వెలిగింది. అంతకుముందు నెలంతా అమ్మా నాన్నా బెంగుళూరులో అక్క వాళ్ళింట్లో ఉన్నారు. లాప్‌టాప్ బీరువాలో ఉంది. పెద్ద బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. లోపల మదర్‌బోర్డు మీద గడియారం కోసం ఉండే బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో చచ్చినట్టుంది. దాంతో బయాస్ తన సెట్టింగులన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి వెళ్ళిపోయింది.

ఇక్కడే నా ఘనకార్యం ఒకటుంది. 2020 లాక్‌డౌన్లో విండోస్ పక్కన ఉబుంటు వేసుకోవడానికి డిస్క్ మోడ్‌ని రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చా. తర్వాత ఆ ఉబుంటు తీసేశా, మార్చిన సంగతీ మర్చిపోయా. ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు బయాస్ మళ్ళీ రెయిడ్‌కి వెళ్ళేసరికి, ఏహెచ్‌సీఐకి అలవాటు పడ్డ విండోస్‌కి తన డిస్క్ తనకే దొరక్క నీలం తెర వేసింది. ఉబుంటుకి కూడా ఆ మోడ్‌లో ఉన్న డిస్క్ కనపడలేదు. డిస్కూ బాగానే ఉంది, విండోసూ బాగానే ఉంది. పాడైంది నా జ్ఞాపకశక్తి :)

మోడ్ మార్చి, సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తే నిమిషంలో డెస్క్‌టాప్ వచ్చింది. నాన్న ఏమీ అనలేదు. తన ఫైలు తెరిచి చివరి పేజీకి వెళ్ళి చూసుకుని, "ముందు దీన్ని ఇంకోచోట పెట్టు" అన్నారు.

కథ సుఖాంతమే. నా బాధల్లా మన ఆలోచన గురించి. మనకి ఈ ఫార్మాట్ పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఒకటి, హాస్టల్. బీటెక్‌లో మా ఫ్లోర్ మొత్తానికి నేనే ఫార్మాట్ స్పెషలిస్టుని. 2017లో ఒక ఫ్రెండ్ లాప్‌టాప్‌కి కంగారులో తప్పు పార్టిషన్ సెలెక్ట్ చేశా. వాళ్ళక్క పెళ్ళి ఫొటోలు పోయాయి. "పర్లేదులే మామా" అన్నాడు వాడు. తిట్టుంటే బాగుండేది, ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు.

రెండోది మన ఉద్యోగం. ఆఫీసులో సర్వర్ మొరాయిస్తే రిపేర్ చెయ్యం, పీకేసి కొత్తది లేపుతాం. అది కరెక్టే. ఎందుకంటే అక్కడ డేటా సర్వర్లో ఉండదు, వేరేచోట మూడు కాపీలుగా ఉంటుంది. ఆఫీసు లాప్‌టాప్ కూడా అంతే, కోడ్ రిపాజిటరీలో ఉంటుంది. ఆ అలవాటే ఇంటికి తెచ్చుకుంటున్నాం. కానీ ఇంట్లో లాప్‌టాప్ వట్టి సర్వర్ కాదు, అదే డేటాబేస్, అదే ఆఖరి కాపీ! దాంట్లో అన్నిటికన్నా చవకైంది ఆపరేటింగ్ సిస్టమ్. ఎన్నిసార్లు కావాలన్నా దొరుకుతుంది. మనం మాత్రం దాన్ని బతికించడానికి మిగతావన్నీ బలిస్తాం.

బూట్ కాకపోవడమంటే డేటా పోవడం కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా నీలం తెరలు వచ్చాయి గుర్తుందా? మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల మెషీన్లు. వాటికి చెప్పిన మందు ఫార్మాట్ కాదు, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక్క ఫైలు తీసెయ్యడం. అది కూడా చాలాచోట్ల 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో లేక ఆలస్యమైంది.

"రెండు గంటల్లో అయ్యేదానికి రోజంతా ఎవడు కూర్చుంటాడు?" అంటారా? నిజమే. వైరస్ పట్టిన మెషీన్‌కి ఫార్మాటే మేలు. నేనూ ఆ సాయంత్రం ఫార్మాట్ చేశా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇది ఎనిమిదో తరం ఇంటెల్ కాబట్టి విండోస్ 11 ఎక్కుతుంది. ఎక్కించా. కానీ ఎప్పుడు? ఫైళ్ళన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకీ, క్లౌడ్‌లోకీ వెళ్ళాక, రెండుమూడు రికార్డింగులు తెరిచి వినిపిస్తున్నాయని నాన్న తల ఊపాక. నా గొడవంతా వరస గురించే.

నా వరస ఇది. ముందు, ఆఖరిసారి పనిచేసిన తర్వాత ఏం మారిందో అడగాలి. తర్వాత బయాస్‌లో తేదీ, డిస్క్ చూడాలి. ఏదన్నా మార్చేముందు పాత సెట్టింగుని ఫోన్‌తో ఫొటో తియ్యాలి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయ్యుంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోవాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఫైళ్ళు బయటికి లాగాలి. ఆ తర్వాతే రిపేర్, అన్నిటికన్నా ఆఖర్న ఫార్మాట్. హార్డ్‌డిస్క్ టక్ టక్ మంటుంటే మాత్రం పదేపదే ఆన్ చెయ్యకండి, అది ఇంకా పోతుంది. ఇంకోటి, పాత హార్డ్‌డిస్కుల్లో క్విక్ ఫార్మాట్ చేసినా సాఫ్ట్‌వేర్‌తో ఎంతోకొంత వెనక్కొచ్చేది. ఎస్సెస్‌డీల్లో ట్రిమ్ అనేది ఖాళీ అయిన చోటుని తుడిచేస్తుంది, కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఆదివారం రాత్రి బయల్దేరేముందు బిట్‌లాకర్ కీ 48 అంకెలూ నాన్న డైరీ ఆఖరి పేజీలో రాశా. దాని కింద "డిస్క్ మోడ్: ఏహెచ్‌సీఐ" అని కూడా రాశా. నాన్న కళ్ళజోడు పెట్టుకుని అంకెలన్నీ తెర మీదవాటితో ఒక్కొక్కటే సరిచూశారు. ఇరవయ్యో అంకె దగ్గర నేను తప్పు రాశా. దిద్దించారు.

మీ ఇంట్లో లాప్‌టాప్ సంగతేమిటి? ఈ శనివారం ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.