ఇంటింటా ఇంగ్లీషు: 'ఎవరైనా' తరువాత ఏ మాట రావాలి?

ఈ నెల మేము ఎంచుకున్న పాఠం చిన్నదే. కానీ ఉద్యోగపు దరఖాస్తు రాసే కుమారునికి, ఆసుపత్రిలో రిపోర్టు రాసే కుమార్తెకు ఇది రోజూ అవసరపడేదే. సమ్‌వన్, ఎనీవన్, ఎవ్రీవన్, నో వన్, సమ్‌థింగ్, ఎనీథింగ్, ఎవ్రీథింగ్, నథింగ్ అనే మాటలను ఇండెఫినిట్ ప్రొనౌన్లు అంటారు. ఫలానా వ్యక్తి, ఫలానా వస్తువు అని తేల్చి చెప్పని మాటలివి. వీటి తరువాత హూ, దట్ మొదలైన మాటలతో వచ్చే చిన్న వాక్యాన్ని రిలేటివ్ క్లాజ్ అంటారు. ఈ రెండూ కలిసే చోటనే మన పిల్లలు తడబడుతుంటారు.

తడబాటుకు కారణం తెలివి తక్కువ కావడం కాదు, రెండు భాషల నడక వేరు కావడం. "తెలుగు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని మనం అడుగుతాం. తెలుగు తెలియడం అనే గుణం ముందు వస్తుంది, మనిషి తరువాత వస్తాడు. ఇంగ్లీషులో ఇది తలక్రిందులు. ముందు మనిషిని నిలబెట్టి, ఆ తరువాత అతని గుణం చెప్పాలి: "ఈజ్ దేర్ ఎనీవన్ హూ నోస్ తెలుగు?" మన 'తెలిసిన' అనే ఒక్క మాట చేసే పనికి అక్కడ 'హూ నోస్' అనే రెండు మాటలు కావాలి. ఆ 'హూ'కు మన వాక్యంలో సాటి మాట లేదు గనుక పిల్లలు దానిని వదిలేస్తారు. "ఐ మెట్ సమ్‌వన్ నోస్ మై ఫాదర్" అని రాస్తారు. "సమ్‌వన్ హూ నోస్ మై ఫాదర్" అని ఉండాలి.

మరి హూ, దట్ ఎప్పుడూ ఉండవలసిందేనా? అక్కరలేదు. ఒక తేలిక గుర్తు చెబుతాము. ప్రొనౌన్ తరువాత వెంటనే క్రియ వస్తుంటే హూ గాని దట్ గాని తప్పక ఉండాలి. అలా కాక ఐ, వి, షి వంటి మరొక కర్త వస్తుంటే వదిలివేయవచ్చు. "ఎవ్రీథింగ్ దట్ ఐ బాట్" అన్నా "ఎవ్రీథింగ్ ఐ బాట్" అన్నా నేను కొన్నదంతా అనే అర్థం.

మనుషులకు సాధారణంగా హూ వాడాలి. వస్తువులకు దట్ వాడాలి. నథింగ్, ఎవ్రీథింగ్, ఆల్ వంటి మాటల తరువాత విచ్ కంటె దట్ చక్కగా అమరుతుంది. మన బడులలో తరతరాలుగా చదివిన రెన్, మార్టిన్ గార్ల వ్యాకరణం కూడా ఆల్, నన్, నథింగ్ వంటి వాటి తరువాత దట్ వాడమనే చెబుతుంది. ఇక "ఆల్ వాట్ యు సెడ్ ఈజ్ ట్రూ" అనడం మన వైపు తరచు వినిపించే తప్పు. వాట్ అనే మాటలో 'ఏదైతే అది' అనే భావం ముందే ఇమిడి ఉంది. దాని ముందు ఆల్ చేరిస్తే చెప్పినదే మళ్ళీ చెప్పినట్లవుతుంది. "ఆల్ దట్ యు సెడ్" అనాలి, లేదా "వాట్ యు సెడ్" అనాలి. హూఎవర్ కూడా అటువంటిదే. ఎనీవన్, హూ రెండూ అందులోనే ఉన్నాయి గనుక "ఎనీవన్ హూఎవర్" అని జత చేయకూడదు.

బైబిలును ఇంగ్లీషులో చదివేవారికి ఇక్కడొక సందేహం రావచ్చు. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదంలో 'హీ దట్', 'హూసోఎవర్' అనే ప్రయోగాలు తరచు కనిపిస్తాయి. అవి ఆ కాలపు భాషకు సరియైనవే. మన తెలుగు బైబిలు అటువంటి చోట్ల 'వినువాడు' వంటి ఒకే పదంతో ఆ భావాన్ని పలికించగలదు. కానీ నేటి ఉత్తరంలోనూ దరఖాస్తులోనూ 'ఎనీవన్ హూ' అనో, బహువచనంలో 'దోజ్ హూ' అనో రాయాలి. ఎవ్రీవన్ అంటే అందరూ అని అర్థమే అయినా దానికి ఏకవచన క్రియ రావాలని మరువవద్దు. "ఎవ్రీవన్ హూ సింగ్స్ ఈజ్ హియర్" అనాలి. అదే దోజ్ అయితే "దోజ్ హూ సింగ్ ఆర్ హియర్" అవుతుంది.

వ్యతిరేక వాక్యాల దగ్గర మరికొంత జాగ్రత్త అవసరం. "వచ్చినవారెవరూ ఆకలితో వెళ్ళలేదు" అన్నప్పుడు మన 'లేదు' వాక్యం చివర ఉంటుంది. దానిని అలాగే మార్చి "ఎనీవన్ హూ కేమ్ డిడ్ నాట్ గో హంగ్రీ" అంటే ఇంగ్లీషు కాదు. ఆ 'లేదు'ను మొదటనే పలకాలి: "నో వన్ హూ కేమ్ వెంట్ అవే హంగ్రీ." నో వన్ అన్న తరువాత మళ్ళీ నాట్ చేర్చకూడదు.

ఇంకొక మాట. "మనసు విప్పి మాట్లాడగల మనిషి కావాలి" అంటాం. నిజానికి ఆ మనిషి'తో' మాట్లాడాలి, కానీ మన వాక్యంలో ఆ 'తో' కనబడదు. అందుచేత పిల్లలు ఇంగ్లీషులోనూ దానిని మింగేసి "ఐ నీడ్ సమ్‌వన్ ఐ కెన్ టాక్" అంటారు. "ఐ నీడ్ సమ్‌వన్ ఐ కెన్ టాక్ టు" అనాలి. చివరి 'టు' లేకపోతే వాక్యం కుంటిదవుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చెబుతున్నాము. అది కామా సంగతి. ఒక నర్సు రోగిని గూర్చి ఇలా రాసిందనుకుందాం: "షి ఏట్ నథింగ్ దట్ మేడ్ హర్ ఇల్." అంటే రోగి జబ్బు చేసే పదార్థమేదీ తినలేదు. భోజనం చేసి ఉండవచ్చు, దానివలన కీడు కలుగలేదు. ఇప్పుడు దట్ తీసి కామా, విచ్ పెట్టి చూడండి: "షి ఏట్ నథింగ్, విచ్ మేడ్ హర్ ఇల్." అంటే ఆమె ఏమీ తినలేదు, తినకపోవడం వలననే జబ్బు చేసింది! మొదటి వాక్యం చదివిన డాక్టరు ఆహారాన్ని అనుమానించడం మానుకుంటాడు. రెండవది చదివితే ముందు ఆమెకు ఆహారం అందించాలంటాడు. కామా తరువాత వచ్చే విచ్ ఒక్క నథింగ్‌ను కాదు, వెనుక ఉన్న వాక్యమంతటినీ పట్టుకుంటుంది. దట్ మాత్రం తన ముందున్న మాటనే అంటిపెట్టుకుంటుంది. ఈ రెంటికీ పనులు పంచి ఇస్తే మేలని ఫౌలర్ అనే పండితుడు 1926లో వెలువరించిన తన ప్రయోగ నిఘంటువులో సూచించాడు. కామా లేని చోట కూడా విచ్ వాడే మంచి రచయితలు ఇప్పటికీ ఉన్నారు. కానీ కామా ఉన్న చోట దట్ పెట్టకుండా ఉంటే మన పిల్లలకు చిక్కు ఉండదు.

కుటుంబాలలోనూ ఈ తేడా చిన్నది కాదు. దూరదేశంలో ఉన్న మనుమడు తాతగారిని గూర్చి "హీ సెడ్ నథింగ్ దట్ హర్ట్ మి" అని రాస్తే నొప్పించే మాట ఏదీ అనలేదని అర్థం. "హీ సెడ్ నథింగ్, విచ్ హర్ట్ మి" అని రాస్తే ఆయన పలుకకపోవడమే మనసును నొప్పించిందని అర్థం. తెలుగు అంతగా రాని మనుమల ఉత్తరాలు చదివే పెద్దలు ఆ కామాను చూసి మరీ అర్థం చేసుకోవాలి.

ఈ నెల అభ్యాసం: ఈ మూడు వాక్యాలను పిల్లలచేత ఇంగ్లీషులో రాయించండి. నాకు తెలిసినదంతా చెప్పాను. సహాయం అడిగినవారెవరూ ఖాళీ చేతులతో వెళ్ళలేదు. మేము నమ్మగల మనిషి ఎవరైనా కావాలి. రాసిన తరువాత మొదటి వాక్యంలో వాట్ చేరిందేమో, రెండవదానిలో నాట్ చేరిందేమో చూడండి. మూడవదానిలో హూ రాసినా రాయకపోయినా మార్కులు తగ్గించకండి, రెండూ ఒప్పే.