ధర్మానికి ఆడిన ఆట



పోయిన ఆదివారం మన సంఘం కార్యవర్గ సమావేశంలో ఒక కుర్రవాడు లేచి, "యీ సంవత్సరం నాటకం వద్దండీ, ఫుట్‌బాలు మ్యాచి పెడదాం. వూళ్లో కాలేజీ పిల్లల్లో బాగా ఆడేవాళ్లను యేరి రెండు జట్లు చేద్దాం. టిక్కెట్టు పెట్టి, వచ్చిన డబ్బు వైద్య సహాయనిధికి జమ చేద్దాం" అన్నాడు. చప్పట్లు మోగినవి. కాఫీలు వచ్చినవి. మేము మాత్రం చప్పట్లు కొట్టడానికి కొంచెం తటపటాయించాం. కారణం చివర మనవి చేస్తాం. ముందు, యిటువంటి ఆటనే నూరేళ్లుగా ఆడుతున్న వారి సంగతి చెప్పవలసి వుంది.

మా మేనల్లుడు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రంలోని ఫ్రిస్కో అనే వూళ్లో వుద్యోగం చేస్తున్నాడు. అక్కడ మనవాళ్లు దండిగా వున్నారు. 2024 ఫిబ్రవరిలో ఆ వూళ్లో ఒక ఆట జరిగింది. వాడు ఫోను చేసి, "మామయ్యా! కాలేజీ ఆటగాళ్లలో మేటివాళ్లను యేరి ఆడిస్తున్నారు. పిల్లల ఆస్పత్రి కోసం ఆడే ఆటట" అన్నాడు. "ఖర్చులు పోను యెంత మిగులుతుందిరా?" అని అడిగాం. గుమాస్తా బుద్ధి యెక్కడికి పోతుంది! వాడు నవ్వి వూరుకున్నాడు. మేము వూరుకోలేదు. మెట్రిక్యులేషనుతో ఆగిన మా ఇంగ్లీషుకు అందినంత మేర, ఆ ఆట చరిత్ర తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాం.

అది మన ఫుట్‌బాలు కాదు సుమండీ. పేరుకు ఫుట్‌బాలే గాని కాలితో తన్నడం బహు తక్కువ. బంతి కొబ్బరికాయలాగా రెండు కొసలా సన్నంగా వుంటుంది. దానిని చంకలో యిరికించుకొని పరుగెత్తుతారు, చేత్తో విసురుతారు. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. లేకపోతే బంతి యెదుటివారి పాలవుతుంది. 100 గజాల మైదానం దాటి అవతలి గీత చేరితే 6 పాయింట్లు. బంతి పట్టినవాణ్ణి నేల కరిపించడమే యెదుటివారి పని. తలకు శిరస్త్రాణమూ, భుజాలకు మెత్తలూ వున్నా మోకాళ్లు దెబ్బతినడం మామూలే. ఆ మోకాళ్లే ఆ కుర్రవాళ్లకు రేపటి బతుకుతెరువు. యీ మాట గుర్తుంచుకోండి. మళ్లీ పని పడుతుంది.

యీ ఆట ఆడించేవారిని ష్రైనర్లు అంటారు. ఫ్రీమేసన్లలో నుంచి పుట్టిన సోదర సంఘం. కుచ్చు వేలాడే యెర్ర టోపీలు పెట్టుకొని వూరేగింపుల్లో కనిపిస్తారు. విందులూ వినోదాలూ వీరికి మొదటినుంచీ ప్రీతి. 1920లో పోర్ట్‌లాండు నగరంలో జరిగిన వారి మహాసభ, అవిటి పిల్లలకు ఆస్పత్రి కట్టించాలని తీర్మానించింది. 1922లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్టులో మొదటి ఆస్పత్రి తెరిచారు. పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడిన పిల్లలు ఆ రోజుల్లో చాలామంది వుండేవారు. టీకా 1955కు గాని రాలేదు. తల్లిదండ్రులు డబ్బు యిచ్చుకోలేకపోయినా వైద్యం ఆగకూడదన్నది ఆ ఆస్పత్రుల నియమం. పోలియో వెనుకబడిన తరువాత 1966లో గాల్వెస్టన్‌లో కాలిన గాయాల పిల్లలకు వేరే ఆస్పత్రి తెరిచారు. అవసరం మారితే పని మార్చుకున్నారన్నమాట.

ఆ ఆస్పత్రుల కోసమే ఆట పుట్టింది. 1925 డిసెంబరు 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో తూర్పు కాలేజీల మేటి ఆటగాళ్లు ఒక జట్టుగా, పడమటి కాలేజీల మేటి ఆటగాళ్లు మరొక జట్టుగా తలపడ్డారు. పడమటివారు 6–0తో గెలిచారు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరు మీద బాంబులు పడినప్పుడు, పసిఫిక్ తీరంలో అంతమంది గుమిగూడడం ప్రమాదమన్నారు. అయినా ఆట మానలేదు. ఆ తీరం వదిలి, 1942 జనవరి 3న న్యూ ఆర్లియన్సులో ఆడారు. 2021లో కరోనా మూలాన మాత్రం ఆపవలసి వచ్చింది. 2025 జనవరిలో నూరవ ఆట టెక్సాసులో జరిగింది.

బలమున్న కాళ్లు పరుగెత్తేది బలం లేని కాళ్లు నడవడానికే అని అర్థం వచ్చే మాట ఆ ఆటకు బిరుదువంటిది. మాట అందంగా వున్నది గాని, మాటలు మన సంఘంలోనూ అందంగానే వుంటవి. మాకు నచ్చినది మాట కాదు, ఒక ఆనవాయితీ. ఆటకు వచ్చిన కుర్రవాళ్లు ఆస్పత్రి పిల్లలను కలిసి, వారితో కాసేపు గడుపుతారు. తాము యెవరికోసం పరుగెత్తుతున్నదీ చూసిన తరువాత ఆడతారు.

వాళ్లంతా దధీచి మహర్షులని అనుకోకండి. వృత్తి జట్ల తరఫున మనుషులు వచ్చి, ఎవడెంత పరుగెత్తుతున్నాడో కొలిచి రాసుకుపోతారు. అక్కడ కంటబడితే వుద్యోగం. స్వామికార్యమూ స్వకార్యమూ కలిసి వచ్చినవి. 2000 సంవత్సరంలో యీ ఆట ఆడిన టామ్ బ్రాడీ అనే కుర్రవాడికి ఆ యేడు వృత్తి జట్ల యెంపికలో 199వ పేరుగా గాని పిలుపు రాలేదు. తరువాత వారి అతి పెద్ద పోటీ సూపర్ బౌల్‌ను యేడుసార్లు గెలిచాడు. 1935 జనవరి 1న తూర్పు జట్టులో ఆడిన జెరాల్డ్ ఫోర్డు 1974లో దేశాధ్యక్షుడే అయ్యాడు. తన మేలు చూసుకుంటూ పరులకు మేలు చేస్తే తప్పేమున్నది? లెక్క మాత్రం సరిగా వుండాలి.

లెక్కకు వస్తే ఆ ఆట డబ్బుతోనే ఆస్పత్రులు నడవవు. విరాళాలు, వీలునామాలు రాసి యిచ్చిన ఆస్తులు, భీమా కంపెనీలు చెల్లించేవి అన్నీ కలిస్తేనే నడుస్తవి. ఆట చేసేది మరొక పని. సంవత్సరానికి ఒకసారి జనం అందరికీ ఆ పిల్లలను గుర్తు చేస్తుంది.

ధర్మం కోసం మొదలైన ఆటలన్నీ నిలవవు. చికాగోలో 1934లో మరొకటి మొదలైంది. చికాగో ట్రిబ్యూన్ పత్రిక క్రీడా సంపాదకుడు ఆర్చ్ వార్డు పూనికతో, ఆ యేడు కాలేజీ వదిలిన మేటివాళ్లు ఒకవైపు, వృత్తి జట్లలో ఛాంపియన్లు ఒకవైపు; రాబడి నగరంలోని ధర్మసంస్థలకు. మొదటి ఆట 0–0తో ముగిసింది. 1963లో కాలేజీ కుర్రవాళ్లు గ్రీన్ బే జట్టును 20–17తో ఓడించారు. మళ్లీ వారికి గెలుపు లేదు. వృత్తి జట్లు లక్షలు పోసి కుదుర్చుకున్న కుర్రవాడి మోకాలు ధర్మం ఆటలో విరిగితే యెవరు పూచీ? యీ ప్రశ్న యేటేటా పెద్దదయ్యింది. 1976 జులైలో ఆట మధ్య కుండపోత వాన. జనం మైదానంలోకి దిగి గోలు స్తంభాలు పడగొట్టారు. పిట్స్‌బర్గు వారు 24–0తో ముందుండగా ఆట అక్కడే ఆగింది. మళ్లీ ఆడలేదు.

వాన వంక మాత్రమే. రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచినది యిది: చికాగో ఆట మాట వస్తే యెవరు గెలిచారని అడుగుతారు. ష్రైన్ ఆట మాట వస్తే ఆస్పత్రి గుర్తుకు వస్తుంది.

యిక మా తటపటాయింపుకు కారణం. మూడేళ్ల క్రితం మనమే ఒక పిల్లవాడి కాలి ఆపరేషను కోసం నాటకం ఆడించాం. హాలు నిండింది. జమాఖర్చు రాసినది మేమే గనుక చెబుతున్నాం, రాబడిలో ముప్పాతిక వంతు హాలు అద్దెకు, లైట్లకు, దండలకు, శాలువలకు, అతిథుల భోజనాలకు పోయింది. మిగిలినది కవరులో పెట్టి, ఆ పిల్లవాణ్ణి వేదిక మీదికి పిలిచాం. వేదికకు అయిదు మెట్లు. వాడు చంకకర్రలతో ఆ మెట్లు యెక్కుతుంటే హాలంతా నిశ్శబ్దం. పట్టుకోబోయిన తల్లిని ఫోటో తీసేవాడు పక్కకు జరగమన్నాడు. ఆ మెట్ల సంగతి ముందుగా మాలో వొక్కరికీ తోచలేదు. ఖర్చుల పద్దులు మాత్రం పైసలతో సహా సరిపోయినవి. ఆ రాత్రి ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి మా చెయ్యి ఆడలేదు, అయినా పెట్టాం.

అందుచేత మ్యాచి వద్దని మేము అనము. తప్పక పెట్టండి. కాని కొన్ని మనవులు. దండలు, శాలువలు, భోజనాలు కావాలనే పెద్దలు ఆ ఖర్చు తమ జేబులోనుంచి పెట్టుకోవాలి. టిక్కెట్టు డబ్బు ముట్టరాదు. ఆటకు ముందు ఆ కుర్రవాళ్లు సాయం అందుకునే యింటికి ఒకసారి వెళ్లి రావాలి, ఫోటోలు వద్దు. డబ్బు వేదిక మీద కాదు, యింటికి తీసుకుపోయి యివ్వాలి. ఆడే పిల్లల కాళ్లకు మనమే పూచీ. మైదానంలో డాక్టరుగారు వుండాలి, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు మనదే అని ముందే కాగితం మీద పెట్టాలి. జమాఖర్చు యీ పత్రికలోనే, కృతజ్ఞతల కంటె ముందు, అచ్చు వేయాలి.

మొన్న సంతలో ఆ పిల్లవాడి తల్లి కనిపించింది. ఆపరేషను అయింది, వాడికిప్పుడు ఒక కర్ర చాలు, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. "అన్నయ్యగారూ! ఫుట్‌బాలు మ్యాచిట కదా! మావాడు చూస్తానని ఒకటే గోల. టిక్కెట్టు యెంత?" అని అడిగింది. నీకు టిక్కెట్టు యెందుకమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాం. "యింకా ధర పెట్టలేదమ్మా, పెట్టగానే మీకే ముందు చెబుతాం" అన్నాం. "రెండు మాకు వుంచండి" అని, కూరల సంచి భుజాన వేసుకొని వెళ్లిపోయింది.

కార్యవర్గంవారికి ఆఖరి మనవి. టిక్కెట్టు ధర త్వరగా నిర్ణయించండి. మైదానంలో కుర్చీలు వేసేటప్పుడు, మెట్లు యెక్కనక్కర లేని చోట ముందు వరుసలో రెండు కుర్చీలు వుంచండి. ఆ రెండింటికీ డబ్బు వస్తుంది.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.