సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు గుమస్తాను అడిగారా?

మన క్రైస్తవ కళాశాలల ఆఫీసుల్లో పాత లెడ్జర్లు, ఎక్సెల్ షీట్లు పోయి అడ్మిషన్లు, ఫీజులు, హాజరు, జీతాలు, టీసీలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి వస్తున్నాయి. రావలసిందే. న్యాక్ అడిగే లెక్కలూ, స్కాలర్‌షిప్ పోర్టళ్లకు ఎక్కించే వివరాలూ చేతిరాతతో నెట్టుకురావడం ఇక అయ్యే పని కాదు. నా అభ్యంతరమంతా దాన్ని ఎంచుకునే తీరు మీదే. కంపెనీవాళ్లు డెమో ఇస్తారు. కరస్పాండెంట్‌గారు, ప్రిన్సిపాల్‌గారు, ట్రెజరర్‌గారు చూస్తారు. మూడు కొటేషన్లు, తక్కువ ధర, సంతకం. దాని ముందు రోజంతా కూర్చోవలసిన గుమస్తాకు మాత్రం శిక్షణ రోజున గానీ సంగతి తెలియదు.

ఇందులో అన్యాయం ఏముంది, ఆఫీసు వ్యవహారమే కదా అనవచ్చు. కులం గడి దగ్గర ఆగి చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది. ఆపైన వాళ్లు ఏ కేటగిరీలోకి వస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సి, తమిళనాడులో బీసీ, కర్ణాటకలో కేటగిరీ-1. ఆదివాసీలకు మతం మారినా ఎస్టీ హోదా పోదు. ఇప్పుడు ఎక్కడో తయారైన సాఫ్ట్‌వేర్‌లో మతం దగ్గర ‘క్రిస్టియన్’ నొక్కగానే ఎస్సీ, ఎస్టీ రెండూ మాయమై ‘జనరల్’ మాత్రమే మిగిలితే? ఒక ఆదివాసీ అమ్మాయి ఫీజు రాయితీ అక్కడికక్కడే పోతుంది. డెమోలో రంగురంగుల గ్రాఫులు చూస్తున్న పెద్దలకు ఈ సంగతి తట్టదు. ఇరవై ఏళ్లుగా సర్టిఫికెట్లు తిరగేస్తున్న గుమస్తాకు మొదటి అయిదు నిమిషాల్లోనే తడుతుంది.

పేర్ల సంగతీ అంతే. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గడులు ఎప్పుడూ తలనొప్పే. తమిళనాడులో తండ్రి పేరు ఇనిషియల్‌గా ముందుకొస్తుంది. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా రాస్తారు. పైగా మనలో చాలామందికి బాప్తిస్మపు పేరు ఒకటి, సర్టిఫికెట్ పేరు మరొకటి. ఆధార్‌లో ఉన్నదానికీ కాలేజీ ఎక్కించినదానికీ తేడా వస్తే స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు. అప్పుడు కిటికీ బయట నిలబడేది విద్యార్థి తల్లి, లోపల తిట్లు తినేది కాంట్రాక్టు ఉద్యోగి.

తిట్లతోనే పోతుందన్న నమ్మకం కూడా లేదు. బ్రిటన్ పోస్టాఫీసులో 1999 నుంచి హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది లెక్కల్లో లేని లోట్లు చూపించింది. సబ్ పోస్ట్‌మాస్టర్లు మొత్తుకున్నా వినకుండా యంత్రాన్నే నమ్మారు. 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల వంటి నేరాల కింద శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని హైకోర్టు 2019లో తేల్చింది. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసేసరికి 2024 వచ్చింది. 2012 నుంచి 2019 వరకు ఆ సంస్థకు అధిపతిగా ఉన్నావిడ ఆంగ్లికన్ సంఘంలో అభిషేకం పొందిన పురోహితురాలు. పైన భక్తిపరులుంటే చాలు, కింద అన్నీ సర్దుకుంటాయి అనే మనవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయాన్ని మనం డీకన్ల అభిషేకం రోజున చదివి వదిలేస్తాం. అక్కడ తగువు పరిపాలనదే. అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడేవారి విధవరాండ్రకు భోజనం సరిగా అందడం లేదు. అపొస్తలులు గదిలో కూర్చుని తామే మనుషుల్ని వేసేయలేదు. అందరినీ పిలిచి, మీరే ఎంచుకోండి అన్నారు. అలా ఎంపికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోతున్నవాళ్ల భాష తెలిసినవాళ్ల చేతికే ఆ పని వెళ్లిందన్నమాట. పరాయి భాషల మధ్య తరతరాలుగా బతుకుతున్న మన తెలుగువాళ్లకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

సంఘం బయట కూడా ఈ దారి ఉంది. నార్వేలో 1970ల మొదట్లో క్రిస్టెన్ నీగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి, పనిచోటుకు వచ్చే కంప్యూటర్ వ్యవస్థలను కార్మికులే పరిశీలించి మాట చెప్పగలిగేలా చేశాడు. 1975లో యూనియన్ల సమాఖ్యకూ యజమానుల సమాఖ్యకూ దీనిపై ఒప్పందమే కుదిరింది.

మన దగ్గర అంత పెద్ద ఒప్పందం అక్కర్లేదు. టెండరు పిలవక ముందే ఫీజు కౌంటర్, పరీక్షల విభాగం, లైబ్రరీ, హాస్టల్ నుంచి ఒక్కొక్కరిని కమిటీలో వేయండి. కాంట్రాక్టువాళ్లను వదిలేయకండి, ఎక్కువ టైపు చేసేది వాళ్లే. కంపెనీ తెచ్చే నమూనా వివరాలతో కాకుండా పేర్లు, నంబర్లు మార్చిన మన కాలేజీ కాగితాలతోనే పరీక్షించమనండి. ఆ పనికి సమయం ఇవ్వండి. డ్యూటీ అయ్యాక ఉండి చూడు అంటే ఎవరూ నిజం చెప్పరు. ‘ఇది మనకు పనికిరాదు’ అన్నవాడి ఉద్యోగానికి ముప్పు రాదని కరస్పాండెంట్‌గారు కాగితం మీద రాసివ్వాలి. నోటిమాట చాలదు. చర్చి సంస్థల్లో ‘విధేయత’ అనే మాట ఎలా వాడతారో మనకు తెలియనిది కాదు.

బెంగళూరు, చెన్నై, పుణెల్లో ఐటీ ఉద్యోగాలు చేస్తున్న మన యువతకు ఒక మాట. ‘మనవాడే, కంప్యూటర్లు తెలిసినవాడు’ అని డయాసిస్ కమిటీలు మిమ్మల్ని సలహాకు పిలుస్తాయి. వెళ్లండి. కానీ డెమో హాలుకు పోయే ముందు ఆఫీసు గదిలోకి వెళ్లి, అక్కడి అక్కల పక్కన ఒక పూట కూర్చోండి. వాళ్లు ఏ రిజిస్టరు ఎందుకు దాచుకున్నారో అడగండి. ఆ తర్వాత కమిటీలో మీ కుర్చీ పక్కన వాళ్లకూ ఒక కుర్చీ వేయమని అడగండి. వేయకపోతే మీరు సంతకం పెట్టకండి.