గట్టు మీద నిలబడిన అక్క

మోషేను కన్నతల్లి మూడు నెలలు దాచింది. ఇక దాచలేక జమ్ముపెట్టెలో పడుకోబెట్టి ఏటి ఒడ్డున విడిచింది. ఫరో కుమార్తె ఆ పసివాణ్ణి తీసుకుని పెంచుకుంది. ఒకరకంగా అది పరదేశి దత్తతే. ప్రసంగాల్లో మనం తొందరగా దాటిపోయే మనిషి అక్కడ మరొకరున్నారు. తమ్ముడు ఏమవుతాడోనని దూరాన నిలబడిన అక్క. పెట్టె ఎవరి చేతికి వెళ్లిందో చూసి, కన్నతల్లినే దాదిగా తెచ్చేదాకా ఆమె ఊరుకోలేదు.

1999లోనూ మళ్లీ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలా కాపు కాసే అక్క లేకపోయింది. తెలంగాణ తండాల్లో లంబాడా తల్లుల ఒడిలోని ఆడపిల్లలను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని హైదరాబాద్ శిశుగృహాలకు చేర్చారు. విదేశీ దంపతుల నుంచి వచ్చే సొమ్ము దానికి ఎన్నో రెట్లు. ఐగుప్తులో మగబిడ్డకు ప్రాణగండమైతే, ఇక్కడ మూడో నాలుగో ఆడపిల్లకు గండం. పేదరికమే ఫరో. తాము వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో ఆ తల్లులు చదవలేరు. బైబిలు పేర్లు పెట్టుకున్న సంస్థలు కూడా ఆ కేసుల్లోకి రావడం మనం తలదించుకోవలసిన విషయం.

అప్పటికి నియమాలు లేవా? ఉన్నాయి. ముందు స్వదేశంలోనే ఇల్లు వెతకాలని, ఆ తర్వాతే విదేశమని లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. 1990లో కేంద్ర దత్తత సంస్థ కారా ఏర్పడింది. నియమం కాగితం మీద ఉంది, గట్టు మీద లేదు. గీతా రామస్వామి వంటివారు నిలదీశాక, తల్లిదండ్రులు బిడ్డను సంస్థలకు రాసిచ్చే పద్ధతిని 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. 2003లో భారతదేశం హేగ్ దత్తత ఒప్పందాన్ని ఆమోదించింది.

ఇప్పుడు 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను అప్పగించే తల్లి బాలల సంక్షేమ సమితి ముందుకే రావాలి. మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. విదేశానికి వెళ్లిన బిడ్డ ఎలా ఉన్నదీ రెండేళ్లపాటు నివేదికలు రావాలి. బిడ్డను కొన్నా అమ్మినా 5 ఏళ్ల దాకా జైలు.

తిరువూరు దగ్గరి పెనుగొలను వంటి పల్లెల్లో దిక్కులేని తల్లి సమితి దగ్గరికి వెళ్లదు, పాస్టరుగారి గుమ్మంలోకే వస్తుంది. అదే వారం అమెరికాలోని బంధువులకో పక్క ఊరి విశ్వాసులకో బిడ్డ కావాలని ఎవరో అడుగుతారు. ఇద్దరినీ కలపడం పుణ్యమనిపిస్తుంది. కన్నీళ్లు చూసిన సేవకునికి అలా అనిపించడం సహజమే, కానీ దళారి చేసేదీ సరిగ్గా అదే, కాకపోతే అతడు డబ్బు తీసుకుంటాడు.

ఒకప్పుడు క్రైస్తవులకు సంరక్షకులుగా ఉండడం తప్ప చట్టబద్ధమైన దత్తత లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. 2000 నాటి బాలల న్యాయ చట్టం, 2006 సవరణ ఆ తలుపు తెరిచాయి. ఇక దొడ్డిదారి ఎందుకు? అమెరికాలోని బంధువులు అక్కడి గుర్తింపు పొందిన సంస్థ ద్వారా, ఇక్కడి విశ్వాసులు కారాలో పేరు నమోదు చేసుకుని ఎదురుచూడాలి. గుమ్మంలోకి వచ్చిన తల్లికి ముందు అన్నం పెట్టండి. తర్వాత 1098కు ఫోన్ చేసి, సమితి దగ్గరికి ఆమెతోపాటు సంఘంలోని ఒక అక్కను పంపండి.