నాచుకి ఇలాజ్ సీసాలో లేదు

పలాసలో నా దోస్త్ ఒకడు షౌక్‌గా ఉప్పునీటి అక్వేరియం పెట్టాడు. రెండు నెలలకే రాళ్లన్నీ జుట్టులాంటి పచ్చనాచు. "భాయ్, మందేదైనా చెప్పు" అని ఫోను.

మందెందుకు? ఖుసూర్ మన చేతిదే. మిగిలిన మేత కుళ్లి నైట్రేటు, ఫాస్ఫేటు అవుతుంది; నాచుకి అదే దావత్. మందుతో చంపినా ఆ నీళ్లలోనే కుళ్లి మళ్లీ మొలుస్తుంది. మేత సగానికి తగ్గించు, లైటు ఎనిమిది గంటలు దాటనివ్వకు, నాచు చేత్తో పీకి బయట పారెయ్, మేసే నత్తల్ని వదులు అన్నాను.

వారం వారం ఆర్వో నీళ్లతో ఉప్పు కలిపి మార్చమని ఎవరో చెప్పారట. గలత్ కాదు, బోరు నీళ్లతో ఫాస్ఫేటు, సిలికా రావచ్చు. కానీ ఇది ఉద్దానం మియా! కిడ్నీ జబ్బుకి కారణం నీళ్లేనా అన్నది తేలకపోయినా, ఆ భయంతోనే జనం ఆర్వో క్యాన్లు మోసుకుంటున్నారు. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హాలత్ అదీ. ఆ నీళ్లు బకెట్లకొద్దీ గాజుపెట్టెలో పోయడం నా లెక్కలో ఇస్రాఫే. ఆవిరైనంత పోస్తే బస్. మార్చక తప్పని రోజు, వానలు లేనప్పుడు, ఏటి మొగకి దూరంగా సముద్రపు నీళ్లే పట్టి వడగట్టుకో. అక్కుపల్లి తీరం ఎంత దూరమని?