తేమ యంత్రం ఎవరి పక్షం?

గవర్నర్‌పేటలో గ్రాము బంగారం కొన్నా, ఆ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా అని అడగొచ్చు. పెట్రోలు బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్రలో కొట్టి చూపించమనొచ్చు. ఆరు నెలల కష్టాన్ని లారీకెత్తి మిల్లు గేటు దగ్గర నిలబడ్డ రైతు మాత్రం తేమ యంత్రాన్ని ఏమీ అడగకూడదు. అది చూపిన అంకెకు తలవంచి తరుగు ఒప్పుకోవాలి. ఇదెక్కడి న్యాయం?

ధాన్యం అమ్మకంలో టెక్నాలజీ వచ్చిందంటే మేం కాదనం. 2024 ఖరీఫ్ నుంచి వాట్సాప్‌లో 'హాయ్' అని పంపితే ఏ రోజు, ఏ వేళకు ధాన్యం తేవాలో ఖాయం చేసుకోవచ్చు. ధాన్యం మోసే లారీలకు జీపీఎస్ పెట్టారు. లారీ ఏ మలుపు తిరిగిందో ఆకాశంలో ఉపగ్రహానికి తెలుసు. రైతు సేవా కేంద్రంలో 17 శాతం చూపిన ధాన్యం అదే రోజు మిల్లుకు చేరేసరికి 19 శాతం ఎలా అయిందో మాత్రం ఎవరికీ తెలియదు! ప్రతి మాసూళ్ల కాలంలోనూ సభ్యులు మాతో చెప్పుకునే గోడు ఇదే.

ఇందులో మాయ లేదు. ఈ యంత్రం నీటిని నేరుగా కొలవదు. గింజల గుండా కరెంటు పంపి, దాని తీరును బట్టి తేమను అంచనా కడుతుంది. గింజ వేడిగా ఉన్నా, రకం మారినా, సరిగా నింపకపోయినా అంకె మారుతుంది. ఎప్పటికప్పుడు సరిచూడకపోతే యంత్రమే తప్పు చెబుతుంది. అందుకే అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ సంస్థ ధాన్యం తేమ యంత్రాలకు ప్రత్యేకంగా ప్రమాణం రాసింది. అనుమానం తీర్చే పరీక్ష ఒకటుంది: గింజల్ని తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచడం.

తడి ధాన్యం ఆరితే తూకం తగ్గుతుంది, నీళ్లకు మేమెందుకు డబ్బివ్వాలి అంటారు మిల్లర్లు. ఒప్పుకుంటాం. అయితే లెక్క ప్రకారమే కోయండి. 18 శాతం తేమ ఉన్న క్వింటా ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెడితే 98.8 కిలోలు తూగుతుంది. పోయేది కిలో 200 గ్రాములు. అంటే 75 కిలోల బస్తాకు సుమారు 900 గ్రాములు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఆ లెక్కన బస్తాకు 21 రూపాయలు. అంతకు మించి కోస్తే ఎందుకు కోశారో కాగితం మీద రాసివ్వండి.

యంత్రం ఒక్క శాతం ఎక్కువ చూపితే చాలు, ఎకరాకు 30 బస్తాలు పండించిన రైతుకు 27 కిలోలు, 640 రూపాయలు పోతాయి. అయిదెకరాలకు 3,200. కౌలు రైతుకు కౌలు బాకీ పక్కనే ఇది మరో బాకీ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కల్లాల్లో ధాన్యం తడిసి ముద్దయింది. మబ్బు పట్టిందంటే రైతు బేరమాడలేడు. ఆ భయమే మిల్లు గేటు దగ్గర తరుగై కూర్చుంటోంది.

మేం అడిగేవి నాలుగే. రైతు సేవా కేంద్రంలో తీసిన రీడింగే ఆఖరు కావాలి. ప్రతి యంత్రం మీద దాన్ని సరిచూసిన తేదీ కనపడాలి. మూడు నమూనాల సగటు తీసి, తేమ, తరుగు రాసిన రసీదు రైతు చేతికివ్వాలి. తగాదా వస్తే ఓవెన్ పరీక్ష చేయాలి, అది తేలేదాకా లారీని వాపసు పంపకూడదు.

ఈ లోగా మనం చేయాల్సిందీ ఉంది. లారీ కదలకముందే కిలో నమూనా గాలి చొరని సంచిలో కట్టి, తేదీ వేసి, కేంద్రం సిబ్బంది సంతకం తీసుకోండి. రెండు చోట్లా వచ్చిన అంకెలు రాసిపెట్టి ఊరి కమిటీకి ఇవ్వండి. ఒక్క రైతు అడిగితే గొడవ అంటారు. ఊరంతా కాగితాలతో వస్తే సమాధానం చెప్పక తప్పదు.